ఫోర్డ్ దొర ఇంటిపేరు వెంట అయిదు రోజులు

మాది గొల్లప్రోలు దగ్గర పల్లెటూరు. చందుర్తి మాకు సైకిల్ మీద వెళ్ళొచ్చేంత దూరం. 1758 డిసెంబరులో అక్కడ ఇంగ్లీషువాళ్ళకీ ఫ్రెంచివాళ్ళకీ యుద్ధం జరిగింది. మా స్కూల్లో అది ఒక మార్కు ప్రశ్న. చందుర్తి యుద్ధంలో గెలిచినది ఎవరు? కల్నల్ ఫోర్డ్. మార్కు పడింది, అక్కడితో ఆయన్ని మర్చిపోయాం. దున్నుతుంటే నాగలికి ఇనప గుండ్లు తగిలేవని తాతయ్య చెప్పేవాడు గానీ నేనైతే ఒక్కటీ చూళ్ళేదు.

డబ్లిన్ వచ్చి పదకొండేళ్ళయింది. మొన్న వేసవిలో ఏదో చదువుతుంటే ఈ ఫ్రాన్సిస్ ఫోర్డ్ ఇంగ్లండు మనిషి కాదనీ, ఐర్లండులో కౌంటీ డౌన్, సీఫోర్డ్ అనే ఊరి భూస్వాముల ఇంట్లో రెండో కొడుకనీ తెలిసింది. సీఫోర్డ్ మా ఇంటి నుంచి కారులో రెండు గంటలు. ఇన్నేళ్ళూ పక్కనే ఉండి పలకరించని చుట్టంలా అనిపించింది. బ్యాంకు సెలవు సోమవారంతో పోయింది, దాని వెనకాలే నాలుగు రోజులు లీవు పెట్టాను. శుక్రవారం వరలక్ష్మీ వ్రతం అని మా ఆవిడ గుర్తుచేసింది. సాయంత్రానికి ఇంట్లో ఉంటానని మాటిచ్చాను. కారు నడపడానికి ఆవిడ తమ్ముణ్ణి వెంటబెట్టుకున్నాను. ఇక్కడ ఎమ్మెస్ చేస్తున్నాడు, సెలవుల్లో పనేం లేదు.

మొదటి రోజు, మంగళవారం

కిల్డేర్ స్ట్రీట్లో నేషనల్ లైబ్రరీ. ఫొటో తీసి రీడర్స్ టికెట్ ఇచ్చారు, డబ్బులు అక్కర్లేదు. బ్యాగు లాకర్లో పెట్టాలి, పెన్ను లోపలికి రానివ్వరు, పెన్సిలే. పైన పెద్ద గుండ్రటి హాలు, లేత ఆకుపచ్చ గోపురం, 1890 నుంచీ జనం అలాగే తలలు వంచుకుని చదువుతున్నారు. సగంమంది అమెరికా నుంచీ ఆస్ట్రేలియా నుంచీ వచ్చి ముత్తాతల్ని వెతుక్కునేవాళ్ళు. వాళ్ళలో ఎక్కువమందికి కావలసింది కరువులో ఓడెక్కిన కౌలుదారు. దొరగారిని వెతుక్కుంటూ వచ్చిన గోదావరి జిల్లావాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

దొరల వంశాలకు పుస్తకం సిద్ధంగా ఉంటుంది. దాన్నే బర్క్ అంటారు. టిప్పరరీలో పుట్టిన జాన్ బర్క్ అనే ఆయన 1826లో బిరుదులున్న కుటుంబాల జాబితా ఒకటి అచ్చేశాడు. బిరుదు లేకుండా భూమి మాత్రమే ఉన్నవాళ్ళకు తర్వాత వేరే పుస్తకం వచ్చింది. అందులోంచి ఐర్లండు వాళ్ళను విడదీసి 1899లో ప్రత్యేకంగా ఒక సంపుటం వేశారు. ఇక్కడ తేడా గమనించాలి. లార్డ్, ఎర్ల్, డ్యూక్ అనిపించుకునేవాళ్ళు ఒక రకం. ఫోర్డ్‌ల లాంటివాళ్ళకు ఆ తోకలేవీ లేవు. వాళ్ళ పేరు వెనక 'ఆఫ్ సీఫోర్డ్' అని ఊరి పేరే ఉంటుంది, ఆ ఊరే వాళ్ళ బిరుదు.

ఎర్రట్ట పుస్తకం బరువు మా రోలంత ఉంది. చిన్న అక్షరాలు, రెండు వరసలు, అంతా పొడి అక్షరాలే. ఫలానావాడు, పుట్టింది, పెళ్ళాడింది, పోయింది. మాథ్యూ కొడుకు మాథ్యూ, వాడి కొడుకు మళ్ళీ మాథ్యూ. మనకూ తాత పేరు మనవడికి పెట్టడం అలవాటే కనక అక్కడ తికమక పడలేదు. తికమక పెట్టింది వేరే మాట. చాలా పేర్ల పక్కన 'డి.ఎస్.పి.' అని ఉంది. ఇంతమంది పోలీసాఫీసర్లేంటి బావా ఒకే ఇంట్లో, అన్నాడు మావాడు. నాకూ తెలీదు. ఉచితంగా సలహా ఇచ్చే కౌంటరు ఉంటే వెళ్ళి అడిగాను. లాటిన్లో 'డెసెస్సిట్ సినే ప్రోలే', అంటే సంతానం లేకుండా పోయాడని. ఇంకొకటి 'డి.వి.పి.', తండ్రి బతికుండగానే పోయాడని. ఈ రెండే వంశం కథను తిప్పేస్తాయి. పెద్దవాడి పక్కన డీఎస్పీ పడితే ఎస్టేటు తమ్ముడిది. అన్నదమ్ములందరి పక్కనా పడితే ఆస్తి కూతురి పిల్లలకు వెళ్తుంది, అప్పుడు అల్లుడో మనవడో ఇంటిపేరు మార్చుకోవాలి. మన ఇల్లరికం, దత్తతలకు చుట్టమే ఇది.

ఇంటిపేరు మార్పిడికి పెద్ద ఉదాహరణ ఆ వీధి నుంచి పది నిమిషాల నడకలో ఉంది. కోలీ అనే ఇంటివాడు రిచర్డ్, 1728లో బంధువు ఆస్తి వచ్చిందని వెస్లీ అని పేరు మార్చుకున్నాడు. ఆయన కొడుకు మోర్నింగ్టన్ ఎర్ల్ అయ్యాడు. మనవడికి వెస్లీ అన్నది చాల్లేదు, పాత స్పెల్లింగు వెతికి వెల్లెస్లీ అని రాసుకున్నాడు. మన పాఠాల్లో సైన్యసహకార పద్ధతి అంటే గుర్తొచ్చే వెల్లెస్లీ ఈయనే. 1800లో నిజాం దగ్గర కడప, కర్నూలు, బళ్ళారి, అనంతపురం వైపు జిల్లాలు రాయించుకుని వాటికి దత్తమండలాలు అని పేరు రావడానికి కారణమూ ఈయనే. అంటే దత్తమండలాలు పుచ్చుకున్న గవర్నర్ జనరల్ ఇంటిపేరే దత్తు తెచ్చుకున్నది. డబ్లిన్‌లో వాళ్ళ ఇల్లు ఇప్పుడు అయిదు నక్షత్రాల హోటలు. సాయంత్రం వెళ్ళి బయటి నుంచి చూశాం. లోపల టీ ధర చూసి బయటి నుంచి చూడటమే మేలనుకున్నాం.

ఫ్రాన్సిస్ సంగతికి వస్తాను. ఎస్టేటు మొత్తం పెద్ద కొడుక్కే పోవాలని పెళ్ళినాటి ఒప్పందంలోనే కట్టేస్తారు. ఎకరం కూడా చీలకూడదు. మిగతా కొడుకులకు పటాలం, చర్చి, లేదంటే కంపెనీ ఉద్యోగం. ఫ్రాన్సిస్ రెండోవాడు. పటాలంలో చేరి 39వ రెజిమెంటుతో మన దేశం వచ్చాడు, క్లైవు పిలిస్తే రాజుగారి కొలువు వదిలేసి కంపెనీ కొలువుకు వెళ్ళాడు. విజయనగరం ఆనందగజపతిరాజు ఫ్రెంచివాళ్ళను వెళ్ళగొట్టడానికి సాయమడిగితే, క్లైవు ఈయన్నే ఓడలో విశాఖపట్నం పంపాడు. చందుర్తిలో గెలిచాడు. 1759 ఏప్రిల్ 7 రాత్రి బందరు కోట గోడలెక్కాడు, లోపల పట్టుబడ్డవాళ్ళు పట్టుకున్నవాళ్ళ కన్నా ఎక్కువమంది. ఉత్తర సర్కార్లు ఫ్రెంచివాళ్ళ చేయి జారింది అప్పుడే. ఇదంతా ఆ పుస్తకంలో నాలుగు ముక్కలు. చందుర్తి అన్న పేరు కనబడదు, ఇంగ్లీషువాళ్ళు దాన్ని 'కొండోర్' చేసేశారు.

లైబ్రరీ పక్కనే ఎర్ర ఇటుకల మేడ ఒకటి ఉంది. ఒకప్పుడు భూస్వాముల క్లబ్బు, కిల్డేర్ స్ట్రీట్ క్లబ్. కిటికీ స్తంభాల కింద రాతిలో కోతులు బిలియర్డ్స్ ఆడుతుంటాయి. ఒక కోతి కర్ర గురిపెట్టి వంగి ఉంటుంది, చూసి తీరాలి. 1860 ప్రాంతంలో ఆ శిల్పి లోపలివాళ్ళను ఉద్దేశించే చెక్కాడో, ఊరికే చెక్కాడో. ఆ మేడలో కొంత భాగం ఇప్పుడు ఇదే లైబ్రరీది.

రెండో రోజు, బుధవారం

హెన్రియెట్టా స్ట్రీట్. రాళ్ళు పరిచిన చిన్న వీధి, అటూ ఇటూ నాలుగంతస్తుల ఇటుక ఇళ్ళు. 1720ల నుంచీ లార్డులూ బిషప్పులూ కట్టుకున్నవి. 1801లో ఇక్కడి పార్లమెంటు లండన్లో కలిసిపోయాక దొరలు అటే వెళ్ళారు, ఇళ్ళు గదులుగా అద్దెకు పోయాయి. 14వ నంబరు ఇప్పుడు మ్యూజియం. 1911 నాటికి ఆ ఒక్క ఇంట్లో వందమంది దాకా కాపురమున్నారు. మెట్ల పక్క గోడకు చేతులు రాసుకుని రాసుకుని రంగు పోయిన చోటు ఉంది. దొరల ఇళ్ళలో నాకు నచ్చింది ఆ మరకే.

వీధి చివర రిజిస్ట్రీ ఆఫ్ డీడ్స్. 1708 నుంచి నడుస్తున్న రిజిస్ట్రారు ఆఫీసు. మనకు తెలిసిన ఆఫీసులా ఉంటుందనుకుని వెళ్ళాను. స్టాంపు వెండరు లేడు, జిరాక్స్ షాపు లేదు, చెట్టు కింద దస్తావేజు లేఖరి లేడు. నేల నుంచి కప్పు దాకా పుస్తకాలు, నిచ్చెన, దుమ్ము. ఎవరికి వాళ్ళే ఎక్కి దింపుకోవాలి. ఒక్కో పుస్తకం చిన్న పిల్లాడంత. మొదటిది దింపుతూ మావాడు మెడ పట్టేసిందన్నాడు. అరగంట వెతికాక అది వేరే కౌంటీ పుస్తకమని తేలింది. తప్పు నాదే, చెప్పలేదు.

పని ఈసీ తీయించినట్టే ఉంటుంది, ఒక తిరకాసుతో. పట్టికలు రెండే రకాలు. ఒకటి అమ్మినవాడి పేరుతో, రెండోది భూమి ఉన్న ఊరితో. కొన్నవాడి పేరుతో పట్టిక లేదు. ఫోర్డ్‌లు ఏం అమ్మారో దొరుకుతుంది, ఏం కొన్నారో తెలియాలంటే ముందు ఎవరి దగ్గర కొన్నారో మనకే తెలిసుండాలి. దొరికిన వాటిలో ఎక్కువ భాగం అమ్మకాలు కూడా కాదు, పెళ్ళి ఒప్పందాలు, తాకట్లు. పెళ్ళికూతురు తెచ్చేది ఎంత, భర్త పోతే ఆమెకు ఏడాదికి ఇవ్వవలసింది ఎంత, పుట్టబోయే చిన్న కొడుకులకూ కూతుళ్ళకూ కలిపి ఎస్టేటు మీద అప్పుగా తీయవలసింది ఎంత. పుట్టని పిల్లల వాటాలు కూడా రాసేసుకున్నారు. మేనమామలు, బాబాయిలు, పెళ్ళికూతురి తండ్రి, అందరూ సాక్షులు. చర్చి రికార్డు కాలిపోయినా ఇలాంటి ఒక్క కాగితంతో మూడు తరాలు దొరుకుతాయి. భూమి ఎటు పోతుందో అన్న భయమే వంశవృక్షాన్ని ఇంత జాగ్రత్తగా రాయించింది. ప్రేమతో రాసిన కాగితం ఒక్కటీ నా చేతికి రాలేదు.

అసలు ప్రొటెస్టెంటు పాలకులు ఈ ఆఫీసు పెట్టడంలో ఒక ఉద్దేశం కాథలిక్కుల చేతికి భూమి పోకుండా కనిపెట్టడం. 1641లో దేశంలో 59 శాతం భూమి కాథలిక్కులది. యుద్ధాలు, ఇంగ్లీషు సేనాని క్రామ్వెల్ దండయాత్ర, మళ్ళీ యుద్ధాలు అయ్యాక 1703కి 14 శాతం. మిగిలినదాన్ని కరిగించడానికి 1704లో చట్టం. ప్రొటెస్టెంటు చస్తే ఆస్తి పెద్ద కొడుక్కి, కాథలిక్కు చస్తే కొడుకులందరికీ సమానంగా. సమానంగా అంటే న్యాయమే కదా అనిపిస్తుంది. రెండు తరాలు పంచితే అయిదువందల ఎకరాల ఆసామి మనవలకు పాతికేసి ఎకరాలు వస్తాయి, అదీ అందులో కిటుకు. పెద్దవాడు మతం మారితే మాత్రం మొత్తం వాడిదే. మారినవాళ్ళ పేర్లకు వేరే చిట్టా ఉంది. బర్క్‌లో నాగరికంగా కనిపించే కొన్ని వంశాలు ఆ చిట్టాలోంచే నడిచొచ్చాయి.

మధ్యాహ్నం డబ్లిన్ కాసిల్. లోపలి ఆవరణలో గడియారం గోపురం, బెడ్‌ఫర్డ్ టవర్. వంశ చిహ్నాలూ వంశవృక్షాలూ ఖాయం చేసే రాజోద్యోగి, అల్స్టర్ కింగ్ ఆఫ్ ఆర్మ్స్, ఆయన కార్యాలయం ఇక్కడుండేది. ఉద్యోగం పుట్టింది 1552లో. 1907 జూలైలో రాజుగారు వస్తున్నారనగా ఈ గోపురంలోంచే రాజచిహ్న ఆభరణాలు పోయినట్టు బయటపడింది. తాళం పగల్లేదు. ఈనాటికీ దొరకలేదు. కాపలా కాయవలసిన ఆర్థర్ వికర్స్ ఉద్యోగం ఊడింది, 1921లో కెర్రీలో ఇంటి దగ్గర కాల్చి చంపారు.

ఆ పదవిలోనే ముందు పనిచేసిన విలియం బెథమ్ నాకు ఎక్కువ నచ్చాడు. 1800కు ముందటి వీలునామాలు వేలకొద్దీ తిరగేసి, ఎవరికి ఎవరు ఏమవుతారో పుస్తకాల్లోకి ఎత్తి రాసుకున్నాడు. అప్పట్లో చాదస్తం అనుకునుంటారు. 1922 జూన్ 30న అంతర్యుద్ధంలో ఫోర్ కోర్ట్స్ అనే కోర్టుల భవనం పక్కనున్న రికార్డాఫీసు పేలి, అసలు వీలునామాలు బూడిదై ఊరంతా ఎగిరాయి. ఇప్పుడు ఆ కుటుంబాలకు మిగిలింది బెథమ్ రాసుకున్న ముక్కలే.

1943లో ఆ అల్స్టర్ కింగ్ ఆఫ్ ఆర్మ్స్ ఆఫీసు ఐర్లండు ప్రభుత్వం చేతికొచ్చింది. రాజ్యాంగం ప్రకారం ఇక్కడ ప్రభుత్వం బిరుదులివ్వదు. కానీ ఇంగ్లీషువాళ్ళు రాకముందు నుంచీ ఉన్న గేలిక్ తెగల పెద్దలను మర్యాదకు గుర్తించేవాళ్ళు. వాళ్ళలో ఒకాయన వంశవృక్షం దొంగదని 1999లో బయటపడింది. 2003లో ఆ గుర్తింపు మొత్తానికే ఎత్తేశారు. పూర్వం గేలిక్ ప్రభువుల దగ్గర వంశాలు చదివే కుటుంబాలు ఉండేవి, అచ్చం మన భట్రాజుల్లా. భట్రాజు పొగడ్తకు రాజు ఈనాం ఇచ్చేవాడు, అందరికీ అది పొగడ్తేనని తెలుసు. దానికి సర్కారు ముద్ర పడేసరికి వచ్చింది చిక్కు.

మూడో రోజు, గురువారం

పడమటికి, గాల్వే వైపు. మోటారువే మీద రెండున్నర గంటలు. డబ్బాలో పులిహోర. వెళ్ళేది ట్యూమ్ అనే ఊరికి, అక్కడివాళ్ళు 'చూమ్' అంటారు. ఫోర్డ్ కోసం బయల్దేరి ఇటెందుకంటే, ఆయన శత్రువు ఇల్లు ఇటు.

చందుర్తిలో ఓడిన ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్. అతన్ని అక్కడ పెట్టినవాడు లాలీ, పుదుచ్చేరిలో ఫ్రెంచివాళ్ళ పెద్ద సేనాధిపతి. 1758లో దిగీ దిగగానే హైదరాబాదు నుంచి బుస్సీని వెనక్కి పిలిచి, సర్కార్లు కాన్‌ఫ్లాన్స్‌కు అప్పజెప్పించాడు. బుస్సీ ఉండుంటే కథ వేరుగా ఉండేదని మన మాస్టార్లు చెప్పేవాళ్ళు. ఆ లాలీ పూర్తి పేరు తోమా ఆర్థర్ లాలీ, బారన్ ద తొలెందాల్. ఆ తొలెందాల్ ఫ్రాన్సులో ఎక్కడా లేదు. అది ట్యూమ్ దగ్గరి తుల్లినడాలి. ఓ'లాలీ వంశంవాళ్ళు ఆ చుట్టుపక్కల ప్రభువులు. 1691లో కాథలిక్కు రాజు జేమ్స్ పక్షం ఓడిపోయాక వేలమంది సైనికులు ఫ్రాన్సు వెళ్ళిపోయారు, అడవి బాతులు అని పిలుస్తారు వాళ్ళని. లాలీ తండ్రి జెరార్డ్ అందులో ఒకడు. కొడుకు 1702లో ఫ్రాన్సులో పుట్టాడు. భూమి పోయింది, ఊరి పేరు మాత్రం బిరుదు చేసుకుని ఫ్రెంచి నాలుకకు తిరిగేలా పలికారు.

చిన్న రోడ్లు, ఇరుపక్కలా సున్నం లేకుండా పేర్చిన రాతి గోడలు, రెండు కార్లు ఎదురుపడితే ఒకటి వెనక్కి వెళ్ళాలి. మావాడు గోడకు మరీ ఆనించి తోలాడు. ఎడమ చక్రం ఠప్పుమంది. స్టెప్నీ మార్చడానికి గంట. అంతసేపూ గోడ అవతల నాలుగు ఆవులు వరసగా నిలబడి మమ్మల్నే చూశాయి. తుల్లినడాలిలో చూడటానికి కోట అంటూ ఏమీ కనబడలేదు. గడ్డి, గోడలు, వాన. ట్రాక్టరాయన ఆపి ఎవరి కోసమన్నాడు. లాలీ అన్నాను. ఫోన్ నంబరుందా అని అడిగాడు.

లాలీ కథ చివర చెప్పాలి. 1760 జనవరిలో వందవాసి దగ్గర ఓడాడు, ఓడించిన ఐర్ కూట్ లిమెరిక్ వైపు భూస్వాముల బిడ్డ, ఆయనా ఐర్లండువాడే. మరుసటి ఏడు పుదుచ్చేరి పోయింది. దేశద్రోహం మోపి 1766 మేలో పారిస్‌లో తల నరికారు, మాట్లాడకుండా నోరు కట్టేసి మరీ తీసుకెళ్ళారు. ఆయనకు పెళ్ళి కాకుండా పుట్టిన కొడుకొకడు హాస్టల్లో చదువుతున్నాడు. తన తండ్రి ఫలానా అని ఆ కుర్రాడికి తెలిసిందే శిక్షకు ముందు రోజు. తర్వాత ఏళ్ళ తరబడి రచయిత వోల్టేర్ సాయంతో పోరాడి ఆ తీర్పు కొట్టేయించాడు, లాలీ తొలెందాల్ అన్న పేరు తనే నిలబెట్టాడు. బర్క్ లెక్కలో ఇలాంటి కొడుకుకు చోటు ఉండదు.

పంక్చరు వేయించుకునేసరికి చీకటి పడింది. ట్యూమ్‌లోనే ఒక ఇంట్లో అద్దె గది తీసుకున్నాం.

నాలుగో రోజు, శుక్రవారం

పొద్దున్న ఇంటావిడ పెద్ద పళ్ళేల్లో బేకన్, సాసేజ్‌లు, నల్లటి రక్తపు పుడ్డింగు ముక్కలు తెచ్చిపెట్టింది. శ్రావణ శుక్రవారం, అందులోనూ వ్రతం. మేం టోస్టు, టొమాటో మాత్రం తిన్నాం. ఒంట్లో బాలేదా అని ఆవిడ రెండుసార్లు అడిగింది. ఉపవాసం అంటే అర్థమైంది. శుక్రవారం మాంసం మానడం వాళ్ళ అమ్మమ్మకీ ఉండేదట.

కాసల్‌రే దగ్గర క్లొనాలిస్. ఓ'కానర్ డాన్ కుటుంబం ఇల్లు. ఐర్లండు చివరి మహారాజు వంశం ఇది, బర్క్‌లూ ఫోర్డ్‌లూ రాకముందు నుంచీ ఉన్నది. ఇల్లు చూస్తే 1878లో కట్టిన మామూలు బంగళా. ముందు గడ్డిలో ఒక రాయి ఉంది, పట్టాభిషేకపు రాయి. మన ఊళ్ళో బొడ్రాయి కన్నా పెద్దదేం కాదు. దాని మీద చేయి పెట్టాను, చల్లగా ఉంది.

లోపల విన్న కథ ఒకటి. 1700ల్లో చార్లెస్ ఓ'కానర్ అని పెద్ద పండితుడు, కాథలిక్కు. ఆయన తమ్ముడు మతం మారి, చట్టప్రకారం ఆస్తి నాదేనని కోర్టుకెక్కాడు. ఆఖరికి డబ్బిచ్చి వదిలించుకున్నారు. అన్నదమ్ముల దావా కథ మన గోదావరి జిల్లాల్లో ఏ ఊళ్ళో అడిగినా దొరుకుతుంది. ఇక్కడ దావాకు కారణాన్ని పార్లమెంటే చట్టం చేసి చేతికిచ్చింది.

అయిదింటికి ఇల్లు చేరాం. తాంబూలాలకు వచ్చినవాళ్ళు హాలు నిండా ఉన్నారు. అందరూ వెళ్ళాక మా ఆవిడ అడిగింది.

"ఊళ్ళోవాళ్ళ వంశాలన్నీ వెతికొచ్చారు కదా. మీ తాతగారి తాతగారి పేరేంటో చెప్పండి."

తర్పణంలో చెప్పే మూడు తరాలూ నోటికొచ్చు. నాలుగోది తెలీదు. తమ్ముడు పక్క నుంచి "డీఎస్పీ మాత్రం కాదక్కా, అయ్యుంటే బావ ఉండేవాడు కాదు" అన్నాడు. వాడికి ఇంకో రెండు గారెలు పడ్డాయి.

అయిదో రోజు, శనివారం

సీఫోర్డ్ ఉత్తర ఐర్లండులో ఉంది, అంటే బ్రిటన్ కింద, వేరే దేశం. సరిహద్దులో గేటూ ఉండదు, పోలీసూ ఉండడు, రోడ్డు పక్క బోర్డుల్లో కిలోమీటర్లు మైళ్ళవుతాయి, అంతే. కానీ బావమరిదికి బ్రిటన్ వీసా లేదు. ఎవరూ అడగరు బావా అన్నాడు. అడిగిన రోజు మీ అక్కకు నేను జవాబు చెప్పలేనన్నాను. నాకు ఐరిష్ పాస్‌పోర్టు వచ్చింది కనక ఒక్కణ్ణే బెల్‌ఫాస్ట్ రైలెక్కి, అక్కణ్ణించి న్యూకాసిల్ వైపు బస్సు పట్టుకున్నాను.

బస్సు దిగితే ఒకే ఒక్క వీధి. 1820ల్లో దొరగారు కట్టించిన వృద్ధుల ఇళ్ళ వరస, చర్చి, ఆ తర్వాత గోడ. ఎస్టేటు చుట్టూ కట్టిన రాతి గోడ. పావుగంట నడిచాను, గోడ అవలేదు. పైన నాచు, లోపలి నుంచి బీచ్ చెట్లు రోడ్డు మీదికి వంగి ఉన్నాయి. ఒకచోట ఇనప గేటు సందులోంచి పచ్చిక, మేస్తున్న పశువులు కనిపించాయి. పాత ఇల్లు కాలిపోతే 1800ల మొదట్లో తిరిగి కట్టుకున్నారు. ఇల్లు ప్రైవేటు, నేను గంట కొట్టలేదు. ఏమని కొట్టను, చందుర్తి నుంచి వచ్చానని చెప్పనా?

1870ల్లో సర్కారు భూస్వాముల లెక్క తీసినప్పుడు ఈ కుటుంబం కింద దాదాపు 20 వేల ఎకరాలు. 1903లో చట్టం వచ్చి కౌలుదార్లకు అప్పిచ్చి, అరవై ఎనిమిదిన్నర ఏళ్ళలో తీర్చే ఏర్పాటుతో భూములు కొనిపించింది. మన దగ్గర జమీందారీ రద్దు 1948లో. దక్షిణాన 1919 నుంచి 1923 దాకా 270కి పైగా పెద్ద ఇళ్ళు తగలబడ్డాయి. బర్క్ తర్వాతి సంపుటాల్లో చాలా కుటుంబాల పేరు ముందు 'పూర్వం ఫలానా ఊరి' అన్న మాట వచ్చి చేరింది. సీఫోర్డ్‌కు ఆ మాట పడలేదు.

కుక్కను తిప్పుతున్న పెద్దాయనను ఫ్రాన్సిస్ ఫోర్డ్ సమాధి ఇక్కడేమైనా ఉందా అని అడిగాను. ఏ ఫ్రాన్సిస్ అన్నాడు. నిజానికి సమాధి లేదు. 1769లో కంపెనీ వ్యవహారాలు సరిదిద్దడానికి పంపిన ముగ్గురిలో ఫోర్డ్ ఒకడు. వాళ్ళెక్కిన అరోరా అనే ఓడ ఆఫ్రికా కొస దాటాక మళ్ళీ కనబడలేదు. చందుర్తిలో ఎత్తుగా పెరిగిన చేను చాటున తెల్ల సిపాయిలను దాచి గెలిచిన మనిషి, ఆఖరికి ఓడతో సహా మాయమయ్యాడు.

పెద్దాయన మాత్రం, పాత సమాధులే కావాలంటే లాకినైలండ్ వెళ్ళమన్నాడు. పొలాల మధ్య నడిచి వెళ్ళాను. చెరువు, చెరువులో దిబ్బ, దిబ్బ మీద పైకప్పుల్లేని మూడు చర్చిలు. 1994లో ఈ చిన్న ఊళ్ళోనే ఫుట్‌బాల్ ప్రపంచ కప్ మ్యాచ్ చూస్తున్నవాళ్ళ మీద కాల్పులు జరిగి ఆరుగురు పోయారు. చెరువు దగ్గర ఎవరూ లేరు. దక్షిణం వైపు చిన్న చర్చి తలుపు పైన రాతిలో అక్షరాలున్నాయి. పి, ఎమ్, సి. కింద 1636. ఫెలిమ్ మెకార్టన్. కినెలార్టీ అనే ఈ ప్రాంతమంతా మెకార్టన్లది. ఆ 1630ల్లోనే ఫోర్డ్‌లు ఇక్కడ భూములు కొన్నారు, 1641 తిరుగుబాటు తర్వాత మెకార్టన్లకు మిగిలిందీ పోయింది. చర్చి కట్టుకుని పేరు చెక్కించుకున్నవాడికి అయిదేళ్ళ తర్వాతి సంగతి తెలీదు. రాయి ఎర్రగా పాచిపట్టింది. 'ఎమ్' అక్షరం ఒక కాలు అరిగిపోయింది, 6లు రెండూ ఒకేలా లేవు, చెక్కినవాడికి తొందరయినట్టుంది.

మెకార్టన్లలో కొందరు ఫ్రాన్సు చేరారు, లాలీ తండ్రిలాగే. ఆ కొమ్మలో ఒక అమ్మాయి సంతతిలోంచి వచ్చినవాడు ఫ్రాన్సు అధ్యక్షుడు చార్ల్స్ ద గోల్. 1969లో అధ్యక్ష పదవి దిగి ఐర్లండు వచ్చినప్పుడు మెకార్టన్లను పిలిపించుకుని కలిశాడు. అమ్మమ్మల వైపు కొమ్మ కనక బర్క్ లాంటి పుస్తకం చూస్తూ పోతే ఇది తగలదు.

బస్టాపులో కూర్చుని గోడ ఫొటోలూ రాయి ఫొటోలూ నాన్నకు వాట్సాప్‌లో పెట్టాను. రెండు నిమిషాల్లో ఫోన్.

"అంత పొడుగు గోడేంట్రా? ఎన్నెకరాలు?"

"అప్పట్లో ఇరవై వేలు నాన్నా."

"మరి మన ఫోర్డ్ వాటాకి ఎన్నొచ్చాయి?"

"ఒక్క ఎకరం రాలేదు. రెండోవాడు కదా. అందుకే మనూరొచ్చాడు."

నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఫొటోలో ఆ గడ్డి చూశావా, అక్కడ వానలు బాగానే ఉన్నట్టున్నాయి. ఇక్కడ ఇంకా ఊడ్పులు కాలేదు" అన్నారు.

బస్సు వచ్చింది.